నాన్న లాగి వదిలిన హ్యాండ్‌బ్రేకు

కారును షెడ్డులోంచి బయటికి తీయడానికి నలుగురం నెట్టాం. ముందు చక్రాలు మూలుగుతూ తిరిగాయి. వెనక చక్రాలు మాత్రం తిరగలేదు. బడికి వెళ్లనని మొండికేసిన పిల్లవాడి కాళ్లలా నేల మీద రెండు చారలు గీస్తూ వచ్చాయి. అద్దంలోంచి తొంగి చూస్తే హ్యాండ్‌బ్రేకు పైకి లాగి ఉంది. 1999లో నాన్న లాగారు. ఆ తరువాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

అది 1959 నాటి మోరిస్ మైనర్ 1000. ఇంజను 948 సీసీ. కొత్తలో 37 హార్స్‌పవర్ ఉండేది, ఇప్పుడెంతో అడగకూడదు. బోనెట్ మధ్యలో ముందు నుంచి వెనక దాకా ఒక చదునైన పట్టీ ఉంటుంది. ఈ కారును రూపొందించిన అలెక్ ఇసిగోనిస్‌కు, 1948లో అది బజారులోకి రాబోయే ముందు, నమూనా మరీ ఇరుగ్గా ఉన్నట్టు తోచిందట. దాన్ని నిలువునా రెండుగా కోయించి, ఆ రెండు సగాలనూ దగ్గరికీ దూరానికీ జరిపిస్తూ చూసి, 4 అంగుళాల దగ్గర సరే అన్నాడు. ఆ 4 అంగుళాలే ఈ పట్టీ. చిన్నప్పుడు నేను బొమ్మ కార్లను నడిపించిన రోడ్డు అదే.

మా మేనల్లుడు బోనెట్ ఎత్తగానే అన్న మాట, ఇలాంటి కారు దగ్గర నిలబడ్డ ఎవరైనా అనేదే. "మామయ్యా, బ్యాటరీ పెట్టి ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం."

వద్దన్నాను. వాడికి చెప్పిన కారణం ఇది: 22 ఏళ్లలో నూనె మొత్తం కిందికి జారి అడుగున చేరి ఉంటుంది. బేరింగులు పొడిగా ఉంటాయి. సిలిండర్ల గోడల మీద సన్నగా తుప్పు పట్టి, పిస్టన్ రింగులు దానికి అతుక్కుని ఉంటాయి. ఆ స్థితిలో మోటారు బలంతో తిప్పితే రింగు విరగవచ్చు, గోడ మీద గీత పడవచ్చు. రెండు దశాబ్దాల నిద్ర చేయని నష్టాన్ని రెండు సెకన్ల ఆత్రం చేసేస్తుంది. చెప్పని కారణం కూడా ఒకటి ఉంది. బ్రేకులు లేని కారు స్టార్ట్ అయితే, నేను వాడిని నమ్మను.

నా ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు వెతకడమే పని. ఈ సంగతి ఎందుకు చెప్పానో తరువాత తెలుస్తుంది.

ముందు నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల తుప్పు వదిలించే నూనె పోశాం. రోజూ సాయంత్రం బంపరు దగ్గరి రంధ్రంలోంచి ఇంజనును చేత్తో తిప్పే హ్యాండిల్ దూర్చి, మెల్లగా నొక్కి చూడటమే పని. హ్యాండిల్ పట్టుకునే తీరు నాన్న నేర్పినదే. బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి, పిడికిలి చుట్టకూడదు. కింది నుంచి పైకి లాగాలే తప్ప పై నుంచి కిందికి తొయ్యకూడదు. ఇంజను వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది. ప్లగ్గులు లేని ఇంజను తన్నదని తెలిసినా వేలు దానంతటదే పక్కకు వెళ్లిపోయింది.

అయిదు రోజులు బండను తోసినట్టే ఉంది. ఆరో రోజు హ్యాండిల్ చివర ఒక వేలు వెడల్పు కదిలింది. చేయి జారిందేమో అనుకున్నాను. వెనక్కి తెచ్చి మళ్లీ నొక్కితే మళ్లీ అంతే కదిలింది. ఇంకా నొక్కాలన్న కోరికను అణచుకుని ఇంకో రెండు చెంచాలు పోసి వచ్చేశాను. తొమ్మిదో రోజు పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. తిరుగుతున్నప్పుడు ప్లగ్గు రంధ్రాల్లోంచి ఉఫ్ ఉఫ్ మని గోధుమ రంగు తుంపర వచ్చింది. మేనల్లుడి చొక్కా పాడైంది. నాకు మాత్రం ఆ శబ్దం ఎంతో హాయిగా వినిపించింది.

ఇక ఆ హ్యాండ్‌బ్రేకు. లీవరు దించాం గానీ లోపల తీగలు కదలలేదు. బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుపోయాయి. సర్దుబాటు స్క్రూ పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము చుట్టూ కొయ్య సుత్తితో తడుతూ కూర్చున్నాం. ఎడమది ఒక గంటకు ఊడింది. కుడిది ఊడేటప్పుడు షూ మీది లైనింగు సగం డ్రమ్ముకే ఉండిపోయింది, పాత గోడ మీద పోస్టరు చిరిగి మిగిలినట్టు.

అప్పుడే నాకు తట్టింది. డిక్కీ కింది ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉంది. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంది. చక్రాలకు గాలి ఉన్నది ఉన్నట్టే వదిలేశారు, కింద దిమ్మలు లేవు. డ్యాష్‌బోర్డు అరలో ఆయన చలవ కళ్లద్దాలు. ఎన్నాళ్లో తెలియని కాలానికి కారును పక్కన పెట్టే మనిషి ఇలా పెట్టడు. నాన్నకు అవన్నీ తెలుసు, నాకు నేర్పినదే ఆయన. కంటి ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాల్లో వచ్చి తీసుకుందామని పెట్టినట్టుంది. చూపు కొంత వచ్చింది, బండి నడిపేంత రాలేదు. 2016లో పోయేదాకా ఆయన కారు మాట ఎత్తలేదు. అమ్మకానికి ఎవరైనా అడిగితే మాత్రం "ఇంకా పని ఉంది దానికి" అనేవారు.

బ్రేకుల మీద నేను పెట్టిన కాలం మిగతా అన్నిటి మీదా కలిపి పెట్టలేదు. ముందు చక్రానికి రెండేసి, వెనక చక్రానికి ఒక్కోటి, మొత్తం ఆరు వీల్ సిలిండర్లు, అంటే ద్రవం ఒత్తిడితో బ్రేకు షూలను డ్రమ్ము మీదికి నెట్టేవి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి నిలిచిపోతే ఆ తేమ లోపలి లోహాన్ని తినేస్తుంది. నాలుగింటిలో గుంటలు పడ్డాయి. నేను ఆరూ మార్చాను. రబ్బరు గొట్టాలు మూడూ పైకి చక్కగానే ఉన్నాయి. ఒకదాన్ని నోటితో ఊదితే గాలి దాటలేదు. బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే, లోపలి రబ్బరు ఉబ్బి, దారి సూదిమొనంత మిగిలింది. పైపైన చూసి సరే అనేవాళ్లకు ఆ ముక్క చూపించాలని ఇప్పటికీ బల్ల మీద పెట్టుకున్నాను.

పెడల్ తొక్కితే ఆ ద్రవాన్ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ ఈ కారులో డ్రైవరు కాళ్ల కింద, ఛాసిస్ కమ్మీ లోపల దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే బోల్టులు బయటికి లాగబోతే టార్షన్ బార్, అంటే ముందు చక్రానికి స్ప్రింగులా పనిచేసే పొడవాటి కడ్డీ, అడ్డం వస్తుంది. ఆ బార్‌ను తప్పించడం ఒక రోజు పని. ఆ రోజు మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. తిరిగి బిగించేటప్పుడు బోల్టులను ఎదుటి వైపు నుంచి దూర్చాను. మళ్లీ విప్పాల్సిన వాడు నన్ను తిట్టుకోకూడదు కదా.

ట్యాంకు సంగతి త్వరగా చెప్పేస్తాను. పెట్రోలు వార్నిష్ వాసన వేసింది, రంగు ఇటుక పొడి కలిపినట్టుంది. ట్యాంకు దింపి, ఆవిరి లేశమైనా మిగలకుండా పదేపదే కడిగి, అప్పుడు ఆరుబయట చాకలి సోడా నీళ్లు నింపి, బ్యాటరీ ఛార్జర్‌తో తుప్పు వదిలించాం. ఛార్జర్ నెగటివ్ ట్యాంకుకు, పాజిటివ్ నీళ్లలో ట్యాంకుకు తగలకుండా వేలాడదీసిన ఇనుప కడ్డీకి. కడ్డీ మామూలు ఇనుముదే కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే నీళ్లలోకి విషం చేరుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, నిప్పు దగ్గరికి రాకూడదు. గొట్టాలన్నీ ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునేవి వేశాం.

టైర్ల గురించి మేనల్లుడితో చిన్న తగాదా అయింది. వాటి గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి, ఎందుకు పారేయాలని వాడి వాదన. పక్క గోడ మీద తయారీ సంకేతం చివర మూడే అంకెలు ఉన్నాయి. 2000 నుంచి అయితే నాలుగు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. మూడే ఉన్నాయంటే ఆ టైరు వాడికంటే పెద్దది. వాడు ఇంకేమీ మాట్లాడలేదు.

ఇప్పుడు నా ఘనకార్యం. కొత్త బ్యాటరీ తెచ్చాను. బాడీకి వెళ్లే మందపాటి తీగను చూస్తే దాని చివరి బిగింపు పాజిటివ్ కొమ్ముకు సరిపోయేంత లావుగా ఉంది. నాన్న పొరపాటున మార్చి ఉంటారనుకున్నాను. నా వృత్తి ధర్మం ప్రకారం దిద్దాను. నెగటివ్‌ను బాడీకి బిగించాను. లైట్లు వెలిగాయి. హారన్ మోగింది. ప్లగ్గులు లేకుండా సెల్ఫ్ పిడి లాగితే ఇంజను సరైన దిక్కుకే తిరిగింది, కాసేపటికి ఆయిల్ దీపం ఆరిపోయింది. అంటే నూనె పైకి ఎక్కింది. ఇంత సవ్యంగా ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది?

ఆ కారు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్‌నే బాడీకి బిగించాలి. కంపెనీ తయారు చేసిందే అలా. సెల్ఫ్ మోటారు ఎటు కలిపినా ఒకే వైపు తిరుగుతుంది. లైట్లకూ పట్టింపు లేదు. పట్టింపు ఉన్నది బ్యాటరీని ఛార్జి చేసే డైనమోకు. దాని ఇనుములో పాత దిశ అయస్కాంతంగా మిగిలి ఉంటుంది. ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేసి, కాస్త వేగం ఎక్కించగానే, డైనమోను బ్యాటరీకి కలిపే కటౌట్ అనే స్విచ్చు కలిసింది. బ్యాటరీ, డైనమో ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. కంట్రోల్ బాక్సులోంచి సన్నగా పొగ వచ్చింది. మేనల్లుడు పరుగెత్తి బ్యాటరీ తీగ పీకేశాడు. లోపల కటౌట్ పాయింట్లు రెండూ వెల్డింగు చేసినట్టు అతుక్కుపోయాయి.

ఆ రాత్రి నాన్న సర్వీసు పుస్తకం తెరిచాను. ఆయిల్ మార్చిన తేదీల కోసం మధ్య పేజీలు చాలాసార్లు చూశాను గానీ, మొదటి పేజీ చదవలేదు. అందులో ఎర్ర సిరాతో, కింద రెండు గీతలతో రాసి ఉంది: "+ బాడీకి." ప్రూఫులు దిద్దేవాడు మొదటి పేజీ చదవకపోవడం! మేనల్లుడు నాలుగు రోజులు దయతో నవ్వకుండా ఉన్నాడు, అయిదో రోజు నవ్వాడు.

పాయింట్లను విడదీసి సన్నటి ఉప్పుకాగితంతో నునుపు చేసి, బ్యాటరీని నాన్న పెట్టినట్టే పెట్టి, డైనమో తీగలు రెండూ విప్పి, బ్యాటరీ కరెంటును ఎఫ్ అని గుర్తున్న చోట ఒక్క క్షణం తాకించి తీశాను. దానితో డైనమోకు దాని దిశ మళ్లీ గుర్తుకొస్తుంది. వచ్చింది.

అసలైన స్టార్టు ఆ తరువాతి ఆదివారం. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల మధ్య సందు అంగుళంలో 15 వేలవంతులు, ప్లగ్గులకు 25, వాల్వులకు 12. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు అందులో కాగితం జారినట్టు, కాస్త పట్టుతో జారాలి. తాళం తిప్పితే ముందు పెట్రోలు పంపు టిక్కుటిక్కుమనాలి. కార్బొరేటర్ నిండేదాకా కొట్టుకుని, ఆపైన నెమ్మదించి ఆగుతుంది. అనలేదు. పానా వెనక భాగంతో పంపు మీద చిన్నగా తట్టాను. ఒక టిక్కు. మళ్లీ తట్టాను. టిక్, టిక్, టిక్కుటిక్కుటిక్కు... చివరికి ఒక్కో టిక్కుకూ మధ్య దూరం పెరిగి ఆగింది. చిన్నప్పుడు వెనక సీట్లో కూర్చుని ఆ శబ్దం ఆగడం కోసం ఎదురుచూసేవాళ్లం. ఆగిందంటే బయలుదేరుతున్నామన్న మాట.

చోక్ లాగి, సెల్ఫ్ పిడి లాగాను. రెండోసారికి అందుకుంది. మొదట మూడు సిలిండర్ల మీద కుంటింది, పొగగొట్టంలోంచి ఎలుక గూడు తాలూకు ఊక ఎగిరింది, తరువాత నాలుగోది కూడా కలిసింది.

రోడ్డు మీదికి తీసి ఇప్పటికి రెండు వేల కిలోమీటర్లు దాటాయి. ఇంజను హెడ్ విప్పలేదు. ఈ ఇంజను సీసం కలిపిన పెట్రోలు కాలంది, ఆ సీసం వాల్వు సీట్లకు మెత్తలా పనిచేసేది. 2021లో అల్జీరియా కూడా ఆపేయడంతో రోడ్డు వాహనాలకు అది ఎక్కడా లేకుండా పోయింది, సరిగ్గా నేను షెడ్డు తలుపు తీసిన ఏడాదే. అందుకని అప్పుడప్పుడూ వాల్వుల సందు కొలుస్తాను. సందు తగ్గుతూ పోతే సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతోందని అర్థం. ఇప్పటికి తగ్గలేదు. తగ్గిన రోజు హెడ్ దించి గట్టి సీట్లు వేయిస్తాను.

ఒక పని మిగిలింది. ఈ కారుకు మలుపు దీపాలు లేవు. తలుపుల వెనక స్తంభంలోంచి బయటికి లేచే చిన్న చేతులు ఉంటాయి. సర్వీసు పుస్తకంలో చివరి పంక్తి దాని గురించే, 1999 ఆగస్టులో రాసింది: "ఎడమ చెయ్యి బిగుసుకుంటోంది. చూడాలి." విప్పి, రుద్ది, ఒక్క చుక్క నూనె వేశాను. షెడ్డులో చక్కగా లేస్తుంది. రోడ్డు మీద మాత్రం లేవదు. లేవనప్పుడు నాన్న వెనక్కి తిరక్కుండానే స్తంభం మీద పిడికిలితో ఒకటి వేసేవారు, అది లేచేది. నేను వేస్తే లేవడం లేదు. ఎక్కడ కొట్టేవారో సరిగ్గా గుర్తు రావడం లేదు. మేనల్లుడు పక్క సీట్లో కూర్చుని, ఒక్కో మలుపులో ఒక్కో చోట కొట్టి చూస్తున్నాడు.