ఆర్‌తో నా థీసిస్ డేటా అనాలిసిస్: నా అనుభవం

ఎమ్మెస్సీ అగ్రికల్చర్‌లో నా థీసిస్ వరికి వేసే నత్రజని మోతాదుల మీద. హెక్టారుకు 0, 40, 80, 120, 160 కిలోలు, నాలుగేసి రెప్లికేషన్లు (ఒక్కో మోతాదును నాలుగు మడుల్లో వేయడం), మొత్తం 20 మడులు. కోతలైపోయి తూకాలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాక అసలు టెన్షన్ మొదలైంది. డబ్బులిచ్చి అనాలిసిస్ బయట చేయించుకునేవాళ్లున్నారు. సీజనంతా నేను తిరిగిన మడుల లెక్క నాకే తెలియాలని ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషను పట్టుకున్నాను.

ఆర్ పూర్తిగా ఉచితం. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ విభాగంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీన్ని మొదలుపెట్టారు. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ముందు ఆర్‌ను అందించే క్రాన్ సైటు నుంచి ఆర్ వేసుకోవాలి, ఆ తర్వాత దానితో పనిని సులువు చేసే ఆర్‌స్టూడియో. ఆర్ లేకుండా ఆర్‌స్టూడియో ఒక్కటే ఉంటే లెక్కలు జరగవు.

ఎక్సెల్ ఫైల్‌ను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేసి ఆర్‌లోకి తెచ్చుకున్నాక, అనోవా (ట్రీట్‌మెంట్ల సగటుల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే పరీక్ష) జోలికి వెళ్లకముందే మా సీనియర్ అక్క ఆపింది. "ముందు ఎస్‌టీఆర్ కమాండ్ కొట్టి చూడవే, ఏ కాలమ్‌ను అది ఏమనుకుంటోందో తెలుస్తుంది" అంది. పిలకల సంఖ్య ఉన్న కాలమ్ అక్షరాలుగా కనిపించింది. కారణం, పిలకలు లెక్కపెట్టని ఒక మడికి గడిలో డాష్ ఉండటం. ఆ ఒక్క గీతతో మిగతా 19 అంకెలూ అక్షరాలైపోయాయి. డాష్ తీసేసి గడి ఖాళీగా వదిలితే అక్కడ ఎన్ఏ (విలువ లేదని ఆర్ వేసే గుర్తు) వచ్చింది, కాలమ్ అంకెల్లోకి మారింది. అప్పుడు సగటు అడిగినా ఎన్ఏ అనే చెబుతుంది. లేనివి వదిలేసి లెక్కకట్టమని మనమే ఎన్ఏ డాట్ ఆర్ఎం ఈక్వల్ టు ట్రూ అని రాయాలి. లేని అంకెను చాటున పెట్టకపోవడం నాకు చాలా నచ్చింది.

అన్నిటికంటే ముఖ్యమైంది ఫ్యాక్టర్, అంటే ఈ అంకెలు కొలతలు కావు, గుంపుల పేర్లు అని ఆర్‌కు చెప్పడం. రెప్లికేషన్లు 1, 2, 3, 4 అని, మోతాదులు 0, 40, 80 అని ఉంటే ఆర్ వాటిని మామూలు అంకెలే అనుకుంటుంది. వేర్వేరు ట్రీట్‌మెంట్లుగా పోల్చకుండా, వాటిమీదుగా ఒక సరళరేఖ గీస్తుంది. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు! పట్టుకోవాలంటే అనోవా పట్టికలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (గుంపుల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది) చూడాలి. నా డిజైన్‌కు కాగితం మీద రెప్లికేషన్లకు 3, నత్రజనికి 4, ఎర్రర్‌కు (ఈ రెండిటితో వివరించలేని తేడాకు) మిగిలిన 12, మొత్తం 19. ఫ్యాక్టర్‌గా మార్చకపోతే అవే 1, 1, 17 అవుతాయి. అందుకే రెండు కాలమ్‌లనూ ఫ్యాక్టర్ చేశాకే అనోవా నడిపించాను. పట్టికలో 3, 4, 12 కనిపించాకే పీ విలువ (అసలు తేడాయే లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) వైపు చూశాను.

పట్టికలన్నీ అయ్యాక గైడ్ సార్ దిగుబడిని 14 శాతం తేమకు సరిచేయమన్నారు. కొలిచిన తేమను 100లోంచి తీసేసి, 86తో భాగించి, దిగుబడితో గుణించాలి. కమాండ్లన్నీ రాసిపెట్టుకున్న స్క్రిప్ట్‌లో ఆ ఒక్క లైను కలిపి మొత్తం రన్ కొట్టాను. దిగుబడి పట్టికలన్నీ కొత్త అంకెలతో వచ్చేశాయి.