వన్ ఆర్‌కేలో చెమ్మ లెక్క

ముంబైలో ఇరుకు గది అంటే చాలు, మడత మంచాలు, గోడ అల్మారాల కబుర్లే వినిపిస్తాయి. సామానుదేముంది, ఎలాగో సర్దుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏడిపించేది చెమ్మ.

మిల్లు పనికి వెళ్లిన తెలంగాణ పద్మశాలీ కుటుంబాలకు తెలిసిన వర్లీలో, బీడీడీ చాల్‌లో (వరస గదుల పాత భవనాల్లో) గది 160 చదరపు అడుగులు. ఇప్పుడు అద్దెకు దొరికే చిన్న వన్ ఆర్‌కే, అంటే ఒక గది, వంట చోటు ఉన్న ఇల్లు, ఓ 180 ఉంటుంది. ఎత్తు 9 అడుగులు వేసుకుంటే లోపల పట్టే గాలి 46 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరినే మోస్తుంది. గది మొత్తానికి లీటరున్నర లోపే! వానల్లో వచ్చే గాలిలోనే తేమ 85 శాతం ఉంటే ఇక మిగిలే చోటు 200 మిల్లీలీటర్లు, అంటే ఒక్క గ్లాసు.

ఇప్పుడు మనం పోసేది చూడండి. 5 కిలోల బట్టలు మెషిన్ పిండాక కూడా రెండు లీటర్ల నీళ్లు పట్టుకునే ఉంటాయి. కిలో గ్యాస్ కాలితే కిలోన్నర పైనే నీటి ఆవిరి పుడుతుంది, 14.2 కిలోల సిలిండర్ నెలన్నర వస్తే రోజుకి అరలీటరు. అన్నం, పప్పు ఉడికిన ఆవిరి దీనికి అదనం. ఇదంతా చల్లగా ఉన్న గోడ మీదే దిగుతుంది. బీరువా వెనక నల్లబూజు అందుకే.

మొదటి పని ఎగ్జాస్ట్ ఫ్యాన్. 6 అంగుళాలది చాలు, కానీ బిగించే చోటు ముఖ్యం. పొయ్యి దగ్గర ఫ్యాను పెట్టి, పక్కనే ఉన్న కిటికీ తెరిచారంటే ఆ గాలే వచ్చి ఆ గాలే పోతుంది. గది అవతలి మూల అలాగే ఉంటుంది. పక్క కిటికీ మూసి, ఎదుటి వైపు తలుపో కిటికీయో కాస్త తెరవాలి. వంట అయ్యాక మరో ఇరవై నిమిషాలు తిరగనివ్వాలి. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఫ్యాన్ స్విచ్ ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ ఆపి తలుపులు తెరవండి.

బట్టలకు ఇంకోసారి స్పిన్ పెట్టండి. కప్పుకి కట్టి తాడుతో పైకి లాగే గొట్టాల కప్పీ దండెం ఉంటే ఒక గొట్టం వదిలి ఒక గొట్టం మీద ఆరేసి, కింద టేబుల్ ఫ్యాన్ పెట్టాలి. గాలి ఆడకపోతే ముక్కిన వాసన తప్పదు, ఎంత సబ్బు పెట్టినా.

ఎగ్జాస్ట్ ఎంత తిరిగినా బయటికంటే పొడిగా చేయలేదు. జడివాన రోజుల్లో పని చేసేది ఏసీలో గాలి తేమని లాగే డ్రై మోడే. అప్పుడు కిటికీలు మూసి ఎగ్జాస్ట్ ఆపాలి, లేకపోతే అది బయటి తడిగాలిని లోపలికి లాగుతూనే ఉంటుంది. రెండూ కలిపి నడిపి కరెంటు బిల్లు చూసి లబోదిబోమనేవాళ్లే ఎక్కువ.

తేమ లాగే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు మూసిన బీరువాలోనే పనికొస్తాయి. గదిలో పెడితే డబ్బు దండగ. అందులో చేరిన ద్రవం ఒలికితే తోలు సామాను పాడవుతుంది, కింది అరలోనే పెట్టండి.

బీరువాని బయటి గోడకి రెండంగుళాలు ఎడంగా జరపండి. బాక్స్ మంచం పరుపు కింది ప్లైవుడ్‌కి అడుగుకొకటి చొప్పున అంగుళం బెజ్జాలు కొట్టించండి. పార్టికల్ బోర్డు సామానైతే కాళ్లకింద రబ్బరు బుష్‌లు తప్పనిసరి: తుడిచిన నీళ్లు అడుగంచుకి తగిలితే ఉబ్బిన బోర్డు మళ్లీ దిగదు.