ఉస్తాద్ దాచుకున్న ఆఖరి పట్టు

కుంగ్‌ఫూ సినిమాలల్ల ఒక్క కథ మాత్రం ఎన్నిసార్లు చూసినా నాకు బోర్ కొట్టది. ఒక మాస్టర్ ఉంటడు, ఆయనకు సొంత కొడుకొకడు, ఎక్కడ్నో దొరికితే తెచ్చి సాదుకున్న పోరడొకడు, ఇద్దరు ఒక్క కంచంల తిని పెరుగుతరు, పెద్దగయినంక ఒకని పానం ఒకడు తీసెదాంక పోతరు. తప్పేమో ఎప్పుడూ సాదుకున్నోని మీదనే పడ్తది, వాని పుట్టుకలనే ఏదో తేడా ఉన్నట్టు చూపిస్తరు. నాకైతే ఆ పోరని మీద ఎన్నడూ కోపం రాలే, వచ్చేది ఆ మాస్టర్ మీదనే.

గిసొంటి కథనే మా అమ్మమ్మగారి ఊర్ల కూడా ఉంది, నాగర్‌కర్నూల్ దిక్కు. తాత చెప్తుండె. చెప్పినప్పుడల్లా కొన్ని మారుతుండె, ఒకసారి జాతర కార్తీకంల అంటడు, ఇంకోసారి ఉగాది దాటినంక అంటడు, కానీ నడుమ కథ మాత్రం మారకపోతుండె.

ఊర్ల కుస్తీ నేర్పే తాలీం ఉండేదంట. ఇప్పుడు జిమ్ము అంటే అద్దాలు, ఏసీ, సౌండ్ బాక్సులు గదా, అప్పుడు తాలీం అంటే ఒక పెంకుటిల్లు, లోపల నడుములోతు గుంత తీసి పోసిన మెత్తటి ఎర్రమట్టి, మూలకు హనుమంతుని ఫోటో. ఆ మట్టిల నూనె, పసుపు, మజ్జిగ పోసి పొద్దు పొడువకముందే పారతోని తిరగేసెటోళ్లు, మట్టి కలుపుడే సగం కసరత్తు అంటడు తాత. తర్వాత దండీలు, బస్కీలు, ముద్గర్ అనే బరువు గద తిప్పుడు, ఆఖరికి జోరు, అంటే జోడీ కట్టి కుస్తీ పట్టుడు. మాటలన్నీ ఉర్దూల్నే, నేర్పేటోడు ఉస్తాద్, పట్టేటోడు పహిల్వాన్, లంగోట, రెండు భుజాలు మట్టికి తగిలితే చిత్. సొంత కొడుకైనా సరే తాలీం గడప లోపట "నాయినా" అనొద్దు, "ఉస్తాద్" అనే పిలవాలె, ఇది రూలు.

సాదుకున్న పిలగాడు ఎట్లొచ్చిండంటే, నాగార్జునసాగర్ డ్యాం కట్టే టైములది, 1955ల పునాది రాయి వేసినంక పాలమూరు మేస్త్రీలు ఊర్లకూర్లు కూలోళ్లను తీస్కపోతుండ్రి గదా, గట్ల ఒక గుంపుతోని పోయిన ఆలుమగలు పిలగాన్ని ఉస్తాద్ ఇంట్ల ఇడిసిపెట్టి పోయిన్రు, మళ్ల రాలే. ఉస్తాద్ పెండ్లాం తన కొడుకుతోపాటే సాదింది. బాదంపప్పు రాత్రి నానబెట్టి పొద్దుగాల సాన మీద అరగదీసి పాలల్ల కలుపుతదంట, ఇద్దరి గ్లాసులు పక్కపక్కన పెట్టి వంగి చూసేదంట, ఒక దాంట్ల ఒక ఏలు ఎక్కువయితే ఇంకో దాంట్ల పోసేది. తాత ఈ ముక్క చెప్పేటప్పుడు రెండేళ్లు గాల్ల పెట్టి కొలిచి చూపిస్తడు.

ఆమె పాలు కొలిచింది, ఆయన మాత్రం విద్య కొల్వలే. ఏ ఉస్తాదైనా ఒక్క పట్టు తన కాడ ఉంచుకోవాలె అనేది తాలీముల పాత లెక్క. ఈ లెక్క ఎంత పాతదంటే, పర్షియన్ కవి సాదీ 1258ల రాసిన గులిస్తాన్‌లనే ఉంది. ఒక పహిల్వాన్‌కు 360 పట్లు వస్తయి, ఇష్టమైన శిష్యునికి 359 నేర్పుతడు, శిష్యుడు రాజు ముంగట మా ఉస్తాద్ కన్న నేనేం తక్కువ అని ఎగురుతడు, రాజు ఇద్దరికి కుస్తీ పెట్టిస్తే ఉస్తాద్ ఆ మిగిలిన ఒక్క పట్టుతోని వాన్ని నెత్తి మీదికి లేపి కింద కొడ్తడు. అందరు ఉస్తాద్ తెలివిని మెచ్చుకునే కథ ఇది. అండ్ల ఉన్నది ఒక్కడే శిష్యుడు, గది గుర్తుపెట్టుకోవాలె. ఇంట్ల ఇద్దరు కొడుకులుంటే ఆ ఒక్క పట్టు ఎవరికిచ్చిండన్నదే పొద్దుమాపు నడుస్తది.

భారతంల ద్రోణుడు చేసింది గూడ గిదే. నీళ్లు తెమ్మని మిగతా శిష్యులకేమో సన్నమూతి కమండలాలు, కొడుకు అశ్వత్థామకేమో పెద్దమూతి కుండ ఇచ్చెటోడు, వాడు జల్ది నింపుకొని వస్తే ఆ కొంచెం సేపట్ల వానికొక్కనికే ఎక్కువ చెప్పొచ్చని. అర్జునుడు కనిపెట్టి వారుణాస్త్రంతోని తన కమండలం నింపుకొని వానితోపాటే వచ్చేసిండు. మరి కొడుకు కొడుకని గంత చేసిన ద్రోణుడు బ్రహ్మశిరాస్త్రం కాడికి వచ్చేసరికి అర్జునునికి సంబురంగ ఇచ్చిండు, అశ్వత్థామ అడిగితే మనసు రాక రాక ఇచ్చిండు. ఇంకోదిక్కు రథం నడిపేటోని ఇంట్ల సాదుకోబడ్డ కర్ణుడు బ్రహ్మాస్త్రం అడిగితే లేదని తోలిండు, ఆయన పోయి పరశురాముని కాడ బాపనోన్నని అబద్ధమాడి నేర్చుకొని శాపం తెచ్చుకున్నడు. ఇద్దరు ముగ్గురి బతుకులు ఖరాబు చేసిన ఈ పంతులు పేరు మీద ప్రభుత్వం కోచ్‌లకు అవార్డు ఇస్తది, అది వేరే ముచ్చట.

మళ్ల మా ఊరికి వస్తె, ఉస్తాద్‌కు నాలుగెకరాల చెల్క. సాదుకున్నోనికి అండ్ల గజం రాదు. ఊరోళ్ల నోట్ల దత్తత అన్నా సరే, 1956 దత్తత చట్టం ప్రకారం సొంత కొడుకు బతికుంటే ఇంకో కొడుకును దత్తత తీసుకునుడే చెల్లదు. అంటే కాగితం మీద వాడు ఆ ఇంటోడే కాదు. వానికి నాయిన నుంచి వచ్చేది ఏమన్న ఉంటే ఆ పట్లే, అదే వాని చెల్క. సొంతోని బాధ ఇంకోటి, నా ఇంటి విద్య నాకే సగం చేసిచ్చిండ్రని. ఇద్దరు ఒకే మాటను రెండు దిక్కుల నుంచి గుంజుకున్నరు, ఆఖరి పట్టు వానికి చెప్పిండు అని వీడు, వీనికి చెప్పిండు అని వాడు. ఉస్తాద్ ఇద్దరికి చెప్పలే. చెప్పలేదన్న ముచ్చట గూడ చెప్పలే, గదే నాకు మండేది.

జాతరల కుస్తీలంటే కొబ్బరికాయ కుస్తీతోని మొదలయితయి, చిన్న పోరలు పడ్తరు, ఒక్కొక్క జోడీకి పైసలు పెరుక్కుంట పోతయి, ఆఖరుది వెండి కడెం. ఆ ఏడు కడెం కాడ మిగిలింది ఈ ఇద్దరే. డప్పులు కొడ్తున్నరు, జనం ఈలలేస్తున్నరు, వీళ్లు ఒకని మెడ మీద ఒకడు చెయ్యేసి నిలబడ్డరు అంతే, వాడు ఆఖరి పట్టు వేస్తడేమో అని వీడు, వీడు వేస్తడేమో అని వాడు, ఇద్దరు లోపలికి పోక తిరుగుతనే ఉన్నరంట. పొద్దు గూకినంక పెద్దమనుషులు బరాబర్ జోడీ అని ఇడిపించిన్రు. ఇడిపించినంక కొట్లాట మొదలయింది, అది కుస్తీ కాదు, చెవు కొరుక్కున్నరు, మట్టి తీసి కండ్లల్ల కొట్టుకున్నరు. సాదుకున్నోడు అటు నుంచి అటే బొంబాయి బస్సెక్కిండు. ఉస్తాద్ సచ్చిపోతే వచ్చిండు గానీ పాడె పట్టనియ్యలే సొంతోడు.

అట్లని అందరు గిట్లనే అయితరని లేదు. మా మిర్యాలగూడ నుంచి కృష్ణ దాటితే పల్నాడే, ఆడ బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కొడుకు లెక్క పెంచి అందరి ముంగట దళపతిని చేసిండు, సొంత కొడుకు బాలచంద్రుడు ఉండంగనే. ఆ ఇద్దరి నడుమ పగ ఉన్నట్టు కథ చెప్పేటోళ్లు ఎవరూ పాడరు. కారెంపూడిల ఆ వీరులకు ఇప్పటికీ కార్తీకంల ఉత్సవాలు చేస్తరు. ఏమిచ్చిండో పది మంది చూడంగ ఇచ్చిండు, ఇంక అనుమానానికి జాగేడిది.

ఇదంత తాతకు చెప్పి, నీ ఉస్తాద్‌దే తప్పు అన్న. తాత ఒప్పుకోలే. "ఒకటి దాచుకోకుంటే రేపు శిష్యుడు మీదికొస్తడు" అన్నడు. మీదికి రాకుండ దాచుకుంటే వాళ్లు ఒకని మీద ఒకడు పడ్డరు గదనే తాతా, ఇంతకు అసలు ఆ పట్టు అనేది ఉండెనా లేకుంటే ఉస్తాద్ ఉత్తగనే అన్నడా అని గట్టిగ అడిగిన. తాత నా పొట్ట దిక్కు ఒకసారి చూసి, "నువ్వు ఒక్కనాడన్న మట్టిల దిగినవారా" అని బీడీ ముట్టిచ్చుకున్నడు.