మామిడి పూత మీద వాలే ఈగలు

ఈగ అనగానే మనకి చెత్తకుప్పే గుర్తొస్తుంది కానీ మన దేశంలో ఇప్పటిదాకా గుర్తించిన ఈగలు, దోమల జాతులు 6,000కి పైగా ఉన్నాయి, ఇంట్లోకొచ్చి విసిగించేవి వాటిలో చాలా కొన్నే. 1912లోనే బ్రునెట్టి అనే ఆయన, వృత్తి సంగీతం, వీటి మీద పెద్ద సంపుటమే రాశాడు, ఎంత ఓపికో!

వీటిలో నాకు బాగా ఇష్టమైనవి హోవర్‌ఫ్లైలు అనే ఈగలు. ఒంటి మీద పసుపు నలుపు చారలు, చూస్తే అచ్చం తేనెటీగే, కానీ రెక్కలు రెండే, కుట్టదు, పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడి ఠక్కున పక్కకి జరుగుతుంది. వీటిలో చాలావాటి పిల్లపురుగులు మొక్కల రసం తాగే పేనుబంక పురుగుల్ని పట్టుకుని పీల్చేస్తాయి, రైతుకి మందు ఖర్చు కూడా తగ్గుతుంది.

మామిడిలో పరాగ సంపర్కానికి ఈగలు చాలా ముఖ్యం, అందుకే పూత విచ్చుకున్న టైంలో స్ప్రే కొడుతుంటే నిజంగా బాధేస్తుంది, కనీసం ఆ కొన్నాళ్లయినా ఆపండి ప్లీజ్.