పుస్తె కట్టే వేళకు మొదలైన స్కాన్

హన్మకొండలో నేను చాలా ఏళ్లుగా పెళ్లి వీడియోలు తీసి, మిక్సింగ్ చేస్తూ బతుకుతున్నాను. నిరుడు మాఘమాసంలో ఒక ఫంక్షన్ హాలు నుంచి లైవ్ ఇస్తుండగా, సరిగ్గా పుస్తె కట్టే వేళకు బొమ్మ ఆగి ఆగి రావడం మొదలైంది. దుబాయిలో ఉన్న పెళ్లికూతురి అన్న ఫోన్ చేసి, "అన్నా, బొమ్మ ఆగుతంది, చెల్లె మెడల పుస్తె కట్టేటిది కనబడలే" అన్నాడు. నెట్ పోయిందేమోనని డాంగిల్ మార్చి చూశాను, లోపం అక్కడ లేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే, ల్యాప్‌టాప్‌లోని యాంటీవైరస్ తన వారపు స్కాన్ మొదలుపెట్టి డిస్కును నూరు శాతం వాడేస్తూ ఉంది. ఆ పిల్లవాడి గొంతు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ యాంటీవైరస్‌లో గేమ్ మోడ్ ఉంది, అంటే ముఖ్యమైన పని నడుస్తున్నప్పుడు స్కాన్‌లను వాయిదా వేసే స్థితి; అది దానంతటదే మారే ఏర్పాటూ ఆన్‌లోనే ఉంది. మరి ఎందుకు మారలేదన్నది తెలుసుకోవడానికి నాకు కొన్ని రాత్రులు పట్టింది. ఇలాంటి మోడ్‌లు ఎక్కువగా చూసేది తెర నిండా ఏదైనా ప్రోగ్రామ్ నడుస్తున్నదా అన్నది. ఆట నడుస్తున్నా, ప్రెజెంటేషన్ సాగుతున్నా, ఇప్పుడు మనిషిని కదిలించవద్దని మిగతా ప్రోగ్రాములకు తెలిపే సదుపాయం విండోస్‌లో 2007లో వచ్చిన విస్తా కాలం నుంచే ఉంది. కానీ మేము లైవ్ ఇవ్వడానికి వాడే ఓబీఎస్ అనే ప్రోగ్రామ్ తెరంతా ఆక్రమించదు, మామూలు కిటికీలో, పక్కన ఫేస్‌బుక్ తెరిచి ఉన్నా సరిపోయేలా నడుస్తుంది. కనుక మా జీవనాధారమైన ఆ పని యాంటీవైరస్ కంటికి పనిగానే కనబడలేదు.

రెండో గుర్తు ప్రోగ్రామ్ పేరు. బిట్‌డిఫెండర్ అనే యాంటీవైరస్‌లో ప్రొఫైల్స్ పేరిట వర్క్, మూవీ, గేమ్, పబ్లిక్ వై-ఫై, బ్యాటరీ అని వేర్వేరు స్థితులు ఉంటాయి; మొదటి మూడింటికీ ప్రోగ్రాముల జాబితాలు ఉంటాయి, జాబితాలోని ప్రోగ్రామ్ తెరవగానే ఆ స్థితి వస్తుంది, మన ప్రోగ్రామ్‌ను మనమే అందులో చేర్చుకోవచ్చు. పెళ్లి డీవీడీలు రాసిచ్చే రోజుల్లో నార్టన్ అనే యాంటీవైరస్ డిస్కు రాయడాన్ని గుర్తుపట్టి తనంతట తాను నెమ్మదించేది. ఆ ఆలోచన ఎవరికి వచ్చిందో కానీ, వారికి మా పని తెలుసు. నేను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఓబీఎస్ ఫోల్డర్‌లో, బిన్ లోపల ఉన్న ఓబీఎస్64 అనే ఫైలును వెతికి నా యాంటీవైరస్ జాబితాలో చేర్చాను. ఆ తర్వాత లైవ్ మధ్యలో స్కాన్ మొదలుకాలేదు.

ఇక్కడ మా తోటివారు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. మోడ్ జాబితా వేరు, మినహాయింపుల జాబితా వేరు. మొదటిదానిలో చేర్చిన ప్రోగ్రామ్ నడిచినంత సేపు స్కాన్‌లు, అప్‌డేట్లు, సందేశాలు వాయిదా పడతాయి, కాపలా మాత్రం కొనసాగుతుంది. రెండోదానిలో చేర్చినదాన్ని యాంటీవైరస్ చూడడమే మానేస్తుంది. ల్యాప్‌టాప్ బరువైందని డీ డ్రైవ్ మొత్తాన్ని మినహాయించినవారిని, కాపలానే ఆపేసినవారిని నేను చూశాను. పాటలు, పాత ఫొటోలు ఇవ్వడానికి కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లో వైరస్ పట్టి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి, అసలు ఫోల్డర్లు దాగిపోయి ఉండడం మా స్టూడియోలకు కొత్త కాదు. అలాంటి పెన్‌డ్రైవ్ పెట్టిన క్షణాన కాపలా లేకపోతే, ఇంకా ఇవ్వని పెళ్లిళ్ల ఫుటేజీ అంతా ప్రమాదంలో పడుతుంది.

ఈ ఏర్పాటుకు ఇంకో పక్క కూడా ఉంది, అది నాకు ఆలస్యంగా తెలిసింది. ఫొటోషాప్‌ను కూడా నేను ఆ జాబితాలో చేర్చి ఉన్నాను; ఆల్బమ్ సీజన్‌లో అది పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది, రాత్రి రెండరింగ్ పెట్టి ఇంటికి వెళ్తాము. జాబితాలోని ప్రోగ్రామ్ ఎప్పుడూ నడుస్తుంటే మోడ్ దిగదు, మోడ్ దిగకపోతే వాయిదా పడ్డ స్కాన్ జరగదు. మా డెస్క్‌టాప్‌లో చివరి పూర్తి స్కాన్ తేదీ చూస్తే దాదాపు రెండు నెలల కిందటిది. అందుకే ఫొటోషాప్‌ను జాబితా నుంచి తీసేసి, లైవ్ ప్రోగ్రామ్ ఒక్కదాన్నే ఉంచాను. మంగళవారం మా వైపు ముహూర్తాలు పెట్టరు కాబట్టి, ఆ రాత్రి తొమ్మిదింటికి అన్నీ మూసి, స్కాన్ మొదలైందని కళ్లతో చూసి షట్టర్ దించుతున్నాను.