ఆ పోస్ట్‌కార్డ్ కంటే నాకు బ్యాటరీలే ఎక్కువ

రెయిన్‌బో రోవెల్ రాసిన నవల 'ఎలనార్ అండ్ పార్క్' చదివినవాళ్లు ఇద్దరు కలిస్తే చాలు, ఆఖర్న ఆ పోస్ట్‌కార్డ్ మీద ఏం రాసుంటుందంటావ్ అని మొదలుపెడతారు. (చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, ముగింపుతో సహా అంతా చెప్పేస్తున్నా.) నా మటుకు నాకు, ఎలనార్ పార్క్‌కి రాసి పంపిన ఆ మూడు మాటలు ఏవైనా ఒకటే. బ్యాటరీల గురించి మాట్లాడాలని ఉంది.

కథ జరిగేది 1986లో, అమెరికాలోని ఒమాహాలో, రచయిత్రి సొంతూరు కూడా అదే. ఎర్రటి ఉంగరాల జుట్టు, లావుపాటి ఒళ్లు, మగవాళ్ల చొక్కాలు, ఎలనార్ లాంటి పిల్ల కొత్తగా స్కూల్ బస్సు ఎక్కితే పక్కన కూర్చోనిచ్చేదెవరు? పార్క్ చోటిస్తాడు కానీ ప్రేమగా ఏం కాదు, విసుక్కుని బూతు కలిపి మరీ కూర్చోమంటాడు. ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరి మధ్యా మాటే ఉండదు. అతను కామిక్స్ చదువుకుంటూ ఉంటే ఈ అమ్మాయి పక్కనుంచి ఓరగా తనూ చదివేస్తుంటుంది, అది కనిపెట్టి అతను ఏమీ అనకుండా పేజీ తిప్పడం కాస్త నెమ్మది చేస్తాడు. నేను అక్కడే పడిపోయాను.

తర్వాత పాటలు రికార్డ్ చేసిన క్యాసెట్లు వస్తాయి. షాపువాడికి పాటల లిస్టు ఇచ్చి, ఖాళీ క్యాసెట్ నింపించుకుని, తీరా ఇంటికొచ్చి వింటే బి సైడ్ చివర్లో పాట సగంలో తెగిపోయి ఉసూరుమన్నవాళ్లకి ఆ క్యాసెట్ విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే ఎలనార్‌కి క్యాసెట్ ఉన్నా, వాక్‌మన్ ఉన్నా, అందులో వేయడానికి బ్యాటరీలుండవు. పుట్టినరోజుకి ఏం కావాలిరా అని నానమ్మ అడిగితే పార్క్ డబుల్-ఎ బ్యాటరీలు అడుగుతాడు. పదహారేళ్ల కుర్రాడు! ఐ లవ్యూలు వంద చెప్పించినా ఇంత పని జరిగేది కాదు.

ఎందుకంటే ఆ ఇల్లు అలాంటిది. అయిదుగురు పిల్లలకి ఒకే గది, ఫోన్ లేదు, బాత్రూమ్‌కి తలుపు లేదు. స్కూల్ నుంచి రాగానే, సవతి తండ్రి రిచీ ఇంటికి చేరకముందే గబగబా స్నానం ముగించేస్తుంది. ఎందుకని ఎవరూ వివరంగా చెప్పరు, చెప్పనవసరం లేదు. దీన్ని తీపి ప్రేమకథ అని ఎలా అమ్ముతారో నాకు అర్థం కాదు, నాకైతే సగం పుస్తకం టెన్షన్‌తోనే గడిచింది.

చివరికి ఆమె ఇల్లు వదిలి పారిపోవాల్సి వచ్చినప్పుడు ప్రేమ ఒక్కటే సరిపోదు. అన్నాళ్లూ స్కూల్లో ఏడిపించిన టీనా దాచిపెడుతుంది, ఎప్పుడూ కటువుగా ఉండే పార్క్ తండ్రి బండి తాళాలిస్తాడు. గేర్లు వేయడం రాక నానా తంటాలు పడ్డ కుర్రాడు అంత దూరం నడిపి మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో ఆమె మామయ్య ఇంట్లో దింపి వస్తాడు. ఆ తర్వాత అతని ఉత్తరాలు ఆమె విప్పను కూడా విప్పదు. చాలామందికి ఇక్కడ ఎలనార్ మీద ఒళ్లు మండుతుంది. నాకు రాలేదు కోపం. చెల్లినీ తమ్ముళ్లనీ ఆ ఇంట్లోనే వదిలేసి వచ్చిన పిల్ల ప్రేమలేఖ విప్పి ఏం చదువుతుంది?

నచ్చనిదీ ఉంది. పార్క్ తల్లి కొరియా నుంచి వచ్చిన మనిషి. ఆమె ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడటం, ఆమెని బొమ్మతో పోల్చడం నాకు పంటి కింద రాయిలా తగిలాయి. కొరియన్ మూలాలున్న పాఠకులు కూడా దీని మీద గట్టిగానే రాశారు. మళ్లీ అదే తల్లి ఎలనార్‌ని తమ్ముళ్లతో కలిపి షాపులో చూసి, తన పెద్ద కుటుంబం గుర్తొచ్చి మెత్తబడే చోటు మాత్రం రచయిత్రి భలే రాసింది.

2013లో దీనికి పిల్లల, కుర్రకారు పుస్తకాలకిచ్చే బోస్టన్ గ్లోబ్-హార్న్ బుక్ అవార్డ్ వచ్చింది. అదే ఏడాది మిన్నెసోటాలో కొందరు తల్లిదండ్రులు ఇందులో బూతులున్నాయని గొడవ చేస్తే రచయిత్రిని పిలిచిన కార్యక్రమం కాస్తా రద్దయింది. బూతులు ఉన్నమాట నిజమే, కానీ అవి ఎవరు ఎవర్ని అంటున్నారో చూడాలిగా. మా ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల అడిగితే ఇచ్చేస్తాను. ఎలనార్ పుస్తకాల అట్టల మీద ఎవరో రాసే ఆ చెత్త రాతల సంగతి బయటపడే దగ్గర మాత్రం, చదివాక వచ్చి నాతో మాట్లాడమంటాను.