ఫ్రిజ్ మోగితే మా మానిటర్ పోయేది

ఇంట్లో కూర్చుని పుస్తకాలు కంపోజింగ్ చేసే పని నాది. ఉండేది తెనాలి, పని వచ్చేది ఎక్కువగా విజయవాడ నుంచి. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరూ ‘అను’ అనే తెలుగు ఫాంట్లూ చేతికి పట్టేశాయి కాబట్టి కొత్తవాటి జోలికి పోలేదు గానీ, ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి కనబడాలని మానిటర్ మాత్రం పెద్దది కొన్నాను. 27 అంగుళాలు, 2560×1440 ది. కొన్నాళ్ళు బుద్ధిగానే పనిచేసింది. తర్వాత పని మధ్యలో ఉన్నట్టుండి నల్లబడటం, రెండు మూడు సెకన్లకి మళ్ళీ బొమ్మ రావడం మొదలైంది. ఒక్కోసారి అసలు వచ్చేది కాదు. తెర మధ్యలో ‘నో సిగ్నల్’ అని ఒక చిన్న డబ్బా కనబడి, కింద నీలం లైటు కాషాయంలోకి మారి, మానిటర్ నిద్రకి పోయేది.

‘మానిటర్ పోయింది’ అని ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక్కటి చూసి చెప్పండి: ఎలా పోయింది? కింద లైటు కూడా ఆరిపోతే అది కరెంటు సంగతి. అడాప్టరో, వెనక వదులైన పిన్నో, లోపలి పవర్ బోర్డో చూసుకోవాలి. లైటు వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే గదిలో దీపం తీసేసి, ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అక్షరాలు లీలగా కనిపిస్తే బొమ్మ వస్తూనే ఉంది, వెనక వెలుగు పోయింది. అది మెకానిక్ దగ్గరికి పోవాల్సిన కేసు. ఇక మూడోది నాది. ‘నో సిగ్నల్’ అని మానిటరే స్వయంగా రాసి చూపిస్తోందంటే దాని ప్యానెల్ బాగుంది, వెలుగు బాగుంది, అది రాయగలుగుతోంది. దానికి రావాల్సింది రావడం లేదు, అంతే.

కంప్యూటర్ బతికే ఉందని కూడా నాకు తెలుసు. నా స్పీకర్లు కంప్యూటర్ డబ్బా, అదే కేబినెట్, వెనక ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చి ఉంటాయి. తెర నల్లబడినా ఘంటసాల పాట ఆగేది కాదు. పాట కూడా, కంప్యూటర్ నుంచి మానిటర్‌కి బొమ్మని మోసే హెచ్‌డీఎంఐ కేబుల్లోంచే మానిటర్ స్పీకర్లకి పోయే ఏర్పాటు ఉంటే ఈ ఆనవాలు దొరకదు, రెండూ కలిసే పోతాయి.

షాపు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. రాగానే కేబినెట్ విప్పి, ర్యామ్ పీకి, పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్ళు రుద్ది, మళ్ళీ పెట్టాడు. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే బీప్ బీప్ అంటూ తెర రాకపోతే అది మంచి వైద్యమే. గంటల తరబడి బాగా నడిచి, మధ్యలో రెండు సెకన్లు పోయి వచ్చే రోగానికి ర్యామ్‌తో ఏం పని? అది అడిగితే, “అయితే ఫార్మాట్ కొట్టాలక్కా” అన్నాడు. మన ఊళ్ళలో కంప్యూటర్‌కి ఏం వచ్చినా చివరికి ఆ మాటే వినిపిస్తుంది. ఫాంట్లన్నీ మళ్ళీ ఎక్కించి, పాత పుస్తకాల ఫైళ్ళు ఒక్కొక్కటి తెరిచి ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడం ఎంత నరకమో అతనికేం తెలుసు. టీ ఇచ్చి పంపించాను.

మా మరిది కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాడు ఫోన్లోనే పనికొచ్చే ప్రశ్నలు వేశాడు. “పెద్దమ్మా, ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో 4101 నంబరు ఉందేమో చూడు” అన్నాడు. తెర మీద బొమ్మ వేయించే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్, కొయ్యబారి మళ్ళీ తేరుకుంటే విండోస్ అక్కడ ఆ నంబరుతో రాసి పెట్టుకుంటుందట. లేదు. కంట్రోల్, విండోస్, షిఫ్ట్, బి నాలుగు మీటలూ కలిపి నొక్కితే డ్రైవర్ ఒకసారి ఆగి మళ్ళీ లేస్తుందని చెప్పాడు. తెర పోయినప్పుడు నొక్కి చూశాను, తేడా ఏమీ లేదు. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ తనంతట తాను వెతుక్కునే ‘ఆటో’ తీసేసి హెచ్‌డీఎంఐ అని కట్టేశాను, డీప్ స్లీప్ ఆపేశాను. అయినా అదే తంతు.

తర్వాత రిజొల్యూషన్ 1920×1080 కి తగ్గించి చూడమన్నాడు. నల్లబడటం తగ్గింది, ఆగలేదు. ఇది మంచి ఆనవాలు. హెచ్‌డీఎంఐ కేబుల్లో బొమ్మని మోసే తీగల జతలు మూడు. 1920×1080 లో సెకనుకి 60 సార్లు తెర గీయాలంటే ఒక్కో జత మీద సెకనుకి 148.5 కోట్ల బిట్లు పరుగెత్తాలి. నా మానిటర్ పూర్తి సైజుకి అది దాదాపు 241 కోట్లు. వేగం పెరిగినకొద్దీ ఒక్కో బిట్‌కి దొరికే వ్యవధి కుంచించుకుపోతుంది, బయటి నుంచి చిన్న విద్యుత్ అలజడి తగిలినా చెడిపోతుంది. ఇంటర్‌నెట్‌లో అయితే చెడింది మళ్ళీ అడిగి తెప్పించుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, పోయిన బిట్ పోయినట్టే. చాలా బిట్లు ఒక్కసారిగా చెడితే మానిటర్ లయ తప్పి, బొమ్మ వదిలేసి, మొదటి నుంచి తాళం పట్టుకుంటుంది. మనకి కనిపించే ఆ రెండు సెకన్ల చీకటి అదే.

కాబట్టి ముందు కేబుల్. నేను వాడుతున్నది ఒకప్పుడు టీవీకి కొన్న అయిదు మీటర్ల సన్న కేబుల్. మిగిలిన పొడవంతా చుట్ట చుట్టి బల్ల వెనక ఎక్స్‌టెన్షన్ బాక్సు తీగల మీదే పడేసి ఉంది. తీసేసి మీటరున్నరది, మందంగా ఉన్నది కొన్నాను. షాపులో కేబుల్ అట్ట మీద 2.0 అని, 2.1 అని వేసినవి చూపిస్తారు. కేబుల్‌కి ఆ అంకెలు కాదు కొలత, వేగం తరగతి. ‘ప్రీమియం హై స్పీడ్’ అంటే 18 గిగాబిట్ల దాకా, ‘అల్ట్రా హై స్పీడ్’ అంటే 48 దాకా పరీక్షించినవి. పెట్టె మీద స్కాన్ చేసుకునే చీటీ ఉంటుంది. నాకు మొదటి రకమే ఎక్కువ.

కొత్త కేబుల్‌తో నల్లబడటం సగానికి సగం తగ్గింది. సగం మిగిలింది. అప్పుడు పాత ప్రూఫు కాగితం ఒకటి తిరగేసి, తెర పోయినప్పుడల్లా టైమూ, ఆ క్షణంలో ఇంట్లో ఏం జరిగిందీ రాయడం మొదలుపెట్టాను. ఇదే అన్నిటికంటే పనికొచ్చిందని నా అభిప్రాయం. పొద్దస్తమానం కంప్యూటర్ లోపలే వెతుకుతుంటే బయటివి తట్టవు. కాగితం మీద ‘ఫ్రిజ్’, ‘ఫ్రిజ్’, ‘కాలింగ్ బెల్’, ‘ఫ్రిజ్’, ‘కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుంది’, మళ్ళీ ‘బెల్’.

ఫ్రిజ్ గోడకి అవతలి పక్క, వంటింట్లో ఉంది. కంప్రెసర్ గుర్రుమని మొదలైనప్పుడు మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఆగినప్పుడు తీగలోకి ఒక పోటు వదులుతుంది. అది ప్రతి ఇంట్లోనూ జరిగేదే, అందరి మానిటర్లూ పోవు కదా. మా అబ్బాయి లాప్‌టాప్ తెచ్చి, చార్జర్ పీకేసి, బ్యాటరీ మీదే నడుపుతూ అదే కేబుల్‌తో అదే మానిటర్‌కి తగిలించాను. ఫ్రిజ్ ఎన్నిసార్లు మోగినా తెర కదల్లేదు. అంటే మానిటరూ కేబులూ నిర్దోషులు. నా కేబినెట్‌లోకి గోడ నుంచి వస్తున్నదేదో ఉంది.

అప్పుడు అందరికీ తెలిసిన ఒక సంగతి కొత్తగా కనబడింది. మా కంప్యూటర్ కేబినెట్‌ని చెప్పుల్లేకుండా నిలబడి చేత్తో తాకితే జివ్వుమనేది. “దాన్ని ముట్టుకోకండర్రా, కొడుతుంది” అని మా అత్తయ్య పిల్లల్ని ఎప్పుడూ అదిలించేది. చెప్పులేసుకుని కూర్చోవడం ఇంట్లో ఆచారమైపోయింది. కేబినెట్ వెనక స్క్రూ మీద టెస్టర్ పెడితే ఎర్రగా వెలిగింది.

కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజుకి, న్యూట్రల్‌కి చెరొకటి చొప్పున చిన్న కెపాసిటర్లు ఉంటాయి, రెండూ రేకు డబ్బాకి కలిసి ఉంటాయి. లోపల పుట్టే అలజడిని ఎర్తులోకి దింపడం వాటి పని. ఎర్తు లేకపోతే అవి రెండూ 230 వోల్టుల్ని పంచుకుని, డబ్బా మీద 115 వోల్టుల దాకా నిలబెడతాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. దిగడానికి దారిలేని ఆ అలజడికి మిగిలిన దారి హెచ్‌డీఎంఐ కేబుల్ తొడుగు, దాని గుండా మానిటర్. ఫ్రిజ్ పోటు వచ్చినప్పుడల్లా అది సిగ్నల్ పక్కనుంచే నడిచిపోతోంది. ఇలాంటి ఇంట్లో ఉంటే ఒకటి గుర్తుంచుకోండి: రెండూ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ పీకడం, గుచ్చడం చెయ్యకండి. పోర్టులు అలాగే కాలిపోతాయి. ముందు రెండిటి స్విచ్చులూ కట్టి, ప్లగ్గులు తీసి, తర్వాత కేబుల్ ముట్టుకోండి.

మా వీధి కరెంటు బాబాయి వచ్చాడు. హోల్డరులో బల్బు పెట్టి రెండు తీగలు తగిలించిన టెస్ట్ ల్యాంపు ఆయన ఆయుధం. ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకీ మూడో రంధ్రానికీ పెడితే చీకటి.

“అమ్మాయ్, ఎర్తు లేదు.”

“పచ్చ తీగ ఉంది కదా బాబాయ్?”

“తీగ ఉంది. అటు చివర ఏముంది?”

తీగ వెంట పోతే దొడ్డిలో గోడ పక్కన గాలిలో వేలాడుతోంది. దాని చరిత్ర అత్తయ్య చెప్పింది. మామయ్యగారు ఇల్లు కట్టినప్పుడు ఆ తీగని చేతిబోరు ఇనప పైపుకి చుట్టించారట. భూమిలోకి దిగిన పైపు కాబట్టి బాగానే ఎర్తయింది. తర్వాత బోరులో మోటారు దించి ప్లాస్టిక్ పైపులు వేసినప్పుడు పాత ఇనుము తీసి అమ్మేశారు. తీగ సంగతి ఎవరికీ పట్టలేదు. మా వీధిలో అదే కాలంలో కట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి. చేతిబోర్లు ఏ ఇంట్లోనూ లేవు. మిగతాది మీరే ఊహించుకోండి.

ఇక్కడ ఒక అడ్డదారి ఉంది, బాబాయి దాన్ని తిట్టి మరీ చెప్పాడు. సాకెట్ లోపల మూడో రంధ్రాన్ని న్యూట్రల్‌కి కలిపేస్తారు కొందరు. బల్బు వెలుగుతుంది, టెస్టర్ ఆరిపోతుంది, పని అయిపోయినట్టే ఉంటుంది. ఏ రోజైనా న్యూట్రల్ తీగ ఎక్కడన్నా తెగితే ఫేజు మొత్తం తిరిగొచ్చి కేబినెట్ మీద, ఫ్రిజ్ తలుపు మీద కూర్చుంటుంది. అప్పుడు జివ్వుమని ఊరుకోదు. ఎవరైనా ఆ మాట అంటే వద్దని చెప్పండి.

మాకు దొడ్లో గుంత తవ్వి, రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు నిలబెట్టి, చుట్టూ ఒక వరస కర్రబొగ్గు, ఒక వరస కల్లుప్పు పోశారు. బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తడిలో కరిగి కరెంటుకి దారి సుళువు చేస్తుంది. ఎండాకాలంలో పైపు దగ్గర అప్పుడప్పుడు నీళ్ళు పొయ్యమన్నాడు. తులసి కోటకి పోసే చెంబుతో దానికీ పోస్తానని అత్తయ్య ఒప్పుకుంది. మళ్ళీ టెస్ట్ ల్యాంపు పెడితే మూడో రంధ్రంలోనూ బల్బు వెలిగింది. కేబినెట్ చల్లగా, చచ్చినట్టు ఉంది. ఫ్రిజ్ మోగినా, ఇన్వర్టర్ అందుకున్నా తెర మీద అక్షరం చెదరలేదు.

బెల్ మాత్రం మిగిలింది. ఎవరైనా వచ్చి కాలింగ్ బెల్ నొక్కితే తెర పోయేది. బెల్‌కి కొత్త తీగ వేద్దామనుకుని, ముందు ఒకసారి మా అబ్బాయిని తెర చూస్తూ నిలబడమని నేనే గుమ్మంలోకి వెళ్ళి అదే పనిగా నొక్కాను. ఏమీ కాలేదు. వాడు విసుక్కున్నాడు. లోపలికొచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత నిజంగానే పాలాయన బెల్ కొట్టాడు, నేను లేచాను, తెర పోయింది.

బెల్ కాదు, నేను లేవడం! లేచాను, కూర్చున్నాను, లేచాను. ప్రతిసారీ కాదు గానీ, లేచినప్పుడే. నా కింద ఉన్నది గ్యాస్ సిలిండర్‌తో పైకీ కిందకీ జరిగే రివాల్వింగ్ చైరు. నవ్వుతాడేమోనని భయపడుతూనే మరిది కొడుక్కి చెప్పాను. వాడు వెతికి ఒక పేజీ పంపించాడు. యూఎస్‌బీ మీద మానిటర్లు నడిపే చిప్పులు చేసే డిస్‌ప్లేలింక్ సంస్థ తన సహాయ పేజీలోనే ఈ సంగతి రాసుకుంది. గ్యాస్ లిఫ్ట్ కుర్చీల్లో కూర్చున్నప్పుడు, లేచినప్పుడు పుట్టే విద్యుదయస్కాంత పోటుని వీడియో కేబుళ్ళు అందుకుని, తెర సింక్ తప్పడం వాళ్ళూ చూశారట. ఆఫీసుల్లో ఈ బాధ పడ్డవాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు, వాళ్ళలో ఎంతమందికి ఫార్మాట్ కొట్టారో పాపం.

కేబుల్ రెండు కొసల దగ్గరా, ఇలాంటి అలజడిని అడ్డుకునే ఫెరైట్ తొడుగులు బిగించాను. నల్లటి చిన్న సీసాల్లా ఉంటాయి, పాత మానిటర్ కేబుళ్ళకి కట్టే వచ్చేవి. కేబుల్ని కుర్చీకి దూరంగా బల్ల పైనుంచి తిప్పాను. దాంతో బాగా తగ్గింది, ఎప్పుడో ఒకసారి తెర మిటకరించేది. పుస్తకం ఫారాలు అచ్చు ప్లేటుకి వెళ్ళే రోజుల్లో ఆ ఒక్కసారి కూడా నాకు పనికిరాదు, అందుకని నాలుగు కాళ్ళ టేకు కుర్చీలో దిండు వేసుకుని కూర్చుంటున్నాను. నడుము మొదట గొణిగింది, సర్దుకుంది.

రివాల్వింగ్ చైరు మా ఆయన పట్టుకుపోయారు. అందులో తిరుగుతూ ఫోన్లో క్రికెట్ చూసుకుంటారు. ఫోనుకి కేబుల్ లేదుగా.